స్పృహలో లేని పేషెంటును చూసుకోవడం: ఐసీయూలో కొత్తగా చేరిన సిస్టర్‌కు నా సమాధానం

చెల్లీ, నీ ప్రశ్న చదివాను. జీఎన్‌ఎం పూర్తి చేసి సికింద్రాబాద్‌లో ఒక న్యూరో ఐసీయూలో కొత్తగా చేరానని, స్పృహలో లేని పేషెంట్లే ఎక్కువ ఉంటారని, చదివినవన్నీ గుర్తున్నా బెడ్ దగ్గర నిలబడితే ఏది ముందు చేయాలో తోచట్లేదని రాశావు. స్పృహ ఎంతుందో కొలిచే స్కోరు జీసీఎస్‌లో (గ్లాస్గో కోమా స్కేల్) నీకూ సీనియర్లకూ తేడా వస్తోందన్నావు. ఉలుకూ పలుకూ లేని మనిషితో మాట్లాడాలా, అటెండర్లు, అంటే పేషెంటు ఇంటివాళ్లు, అడిగితే ఏం చెప్పాలి అని కూడా అడిగావు. నేను ఇదే ఊళ్లో ప్రభుత్వాసుపత్రిలోనూ ప్రైవేటులోనూ ఐసీయూ నర్సుగా చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు కొత్తగా వచ్చే సిస్టర్లకు నేర్పిస్తున్నాను. వాళ్లూ ఇవే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మామూలు పేషెంటు తనకేమవుతోందో తనే చెబుతాడు. ఊపిరి ఆడట్లేదంటాడు, నడుము మండుతోందంటాడు, దాహమంటాడు, కళ్లు మంటలంటాడు. స్పృహలో లేని మనిషి చెప్పలేడు సరే, తనంతట తాను దగ్గలేడు, మింగలేడు, రెప్ప వేయలేడు, పక్కకు ఒత్తిగిలలేడు. మన చేత చేయించే పనులన్నీ వీటికి బదులుగా వచ్చినవే. గొంతులోంచి కఫం లాగే సక్షన్ దగ్గుకు బదులు, ఐ కేర్ రెప్పపాటుకు బదులు, పొజిషన్ మార్చడం ఒత్తిగిలడానికి బదులు. ఏ పని ఎందుకో ఇలా తెలిస్తే తెల్లవారుజామున నాలుగింటికి కూడా చెయ్యి దానంతట అదే కదులుతుంది. ఇంకో సంగతి. ఈ పేషెంట్లలో ఒక్క రీడింగ్ చూసి ఏమీ తేల్చలేం. గంట క్రితం ఎలా ఉన్నాడు, ఇప్పుడెలా ఉన్నాడు అన్నదే చూడాలి. నేను చెప్పబోయేదంతా ఆ తేడాను పట్టుకోవడం గురించే.

బెడ్ దగ్గరికి వెళ్లగానే మొదట గొంతు, ఊపిరి. స్పృహ తప్పిన మనిషి వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి దారి మూసేస్తుంది. గొంతులో ఊపిరి ట్యూబ్ లేని పేషెంటులో గురక వినిపిస్తే హాయిగా నిద్రపోతున్నాడని అటెండర్లు అనుకుంటారు, మనం అనుకోకూడదు. మెడ ఎముకకు దెబ్బ తగల్లేదని డాక్టరు తేల్చి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఉన్నది బయటికి కారిపోవాలి. యాక్సిడెంట్ కేసుల్లో మెడ సంగతి తేలేదాకా ఒక్కదానివే తిప్పకు. నలుగురు కలిసి, తలను ఒకరు పట్టుకుని, మనిషిని మొత్తంగా ఒకేసారి తిప్పాలి.

ఆ వెంటనే షుగర్. స్పృహ తప్పాడనగానే అందరి ఆలోచనా సీటీ స్కాన్ మీదికి పోతుంది. షుగర్ మాత్రలు వేసుకుని తిండి తినని పెద్దాయన కూడా అచ్చం పక్షవాతం వచ్చినట్టే ఒక పక్క చెయ్యి పడిపోయి రావచ్చు. వేలికి సూది గుచ్చి చూడటానికి నిమిషం పట్టదు. గ్లూకోజ్ ఎక్కించగానే కళ్లు తెరిచి, నేనెక్కడున్నానని అడిగిన వాళ్లను చాలామందిని చూశాను. అడ్మిషన్‌లోనే కాదు, ఐసీయూలో ఉన్న పేషెంటు హఠాత్తుగా మత్తుగా అనిపించినా ముందు షుగర్ చూడు. ఇన్సులిన్ నడుస్తూ ఫీడ్ (ట్యూబ్‌లో పోసే ఆహారం) ఆపేసిన రోజున ఇది మరీ ముఖ్యం.

ఇక జీసీఎస్. గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో దీన్ని ప్రచురించారు. ఎవరు చూసినా ఒకే మాట చెప్పుకునేలా ఉండాలన్నదే వాళ్ల ఉద్దేశం. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏమీ స్పందించకపోయినా 3 వస్తుంది, సున్నా ఉండదు. 8, అంతకంటే తక్కువైతే కోమాగా లెక్క. గొంతు దారిని తనంతట తాను కాపాడుకోలేడన్న అనుమానంతో డాక్టర్లు ట్యూబ్ గురించి ఆలోచించేదీ ఆ దగ్గరే.

నీకూ సీనియర్లకూ తేడా ఎందుకు వస్తోందో మీరు చూసే తీరులోనే తెలుస్తుంది. ముందు ఏమీ చేయకుండా నిలబడి చూడు. తర్వాత మామూలు గొంతుతో, ఆ తర్వాత గట్టిగా పిలువు. అప్పటికీ కళ్లు తెరవకపోతేనే ఒత్తిడి పెట్టాలి. చాలామంది వెళ్తూనే ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దేస్తారు. అది వద్దు. చర్మం కమిలిపోతుంది, మర్నాడు ఇంటివాళ్లు చూసి కుమిలిపోతారు, పైగా వచ్చిన స్పందన దేనికి వచ్చిందో సరిగ్గా తేలదు. వేలి గోరు పక్కన పెన్ను పెట్టి, మెల్లగా మొదలుపెట్టి, పది సెకన్లలో ఒత్తిడి పెంచుకుంటూ పో. కళ్ల సంగతి దాంతో తేలుతుంది. కదలిక కోసం భుజం పైన మెడ పక్కనున్న కండను బొటనవేలితో, రెండు వేళ్లతో పట్టి నొక్కు. చెయ్యి లేచి కాలర్ ఎముక దాటి నొక్కుతున్న చోటికి వస్తే 5. వెనక్కి లాక్కుంటే 4. మోచెయ్యి మెల్లగా, బిగుసుకుపోతూ ఛాతీ మీదికి మడుచుకుంటే 3. చేతులు చాచి, మణికట్టు లోపలికి మెలి తిరిగితే 2. తేడా ఎక్కువగా వచ్చేది 4కూ 3కూ మధ్యే. ఆ రెండింటినీ సీనియర్ పక్కనే నిలబడి చూసి నేర్చుకో, పుస్తకంలో బొమ్మ చూస్తే సరిపోదు. రెండు చేతుల్లో ఏది బాగా కదిలితే స్కోరుకు అది రాయాలి, రెండో చెయ్యి బలహీనంగా ఉందన్న మాట విడిగా రాయాలి.

ట్యూబ్ ఉన్న పేషెంటుకు మాట దగ్గర 1 రాసి మొత్తం కూడేస్తే, రేపు ట్యూబ్ తీయగానే స్కోరు బాగుపడినట్టు కనిపిస్తుంది. అక్కడ ట్యూబ్ ఉందనడానికి 'టీ' అని రాయి. కళ్లు వాచి మూసుకుపోతే 1 అనకు, చూడలేకపోయామని రాయి. మొత్తం ఒక్కటే రాసి వదిలెయ్యకు, మూడూ విడివిడిగా రాయి. 9 అంటే ఎన్ని రకాల 9లు ఉంటాయో నువ్వే కూడి చూసుకో. మిడజోలామ్, ఫెంటానిల్, ప్రొపోఫాల్ లాంటి మత్తు మందులు నడుస్తుంటే ఆ మందు, దాని వేగం స్కోరు పక్కనే ఉండాలి. లేకపోతే మందు మత్తును మెదడు దెబ్బ అనుకునే ప్రమాదం ఉంది, మెదడు దెబ్బను మందు మత్తు అనుకునే ప్రమాదం అంతకంటే పెద్దది. ట్యూబ్ ఉన్నవాళ్లకు కొన్ని చోట్ల జీసీఎస్ బదులు ఫోర్ స్కోర్ అనే ఇంకో కొలత వాడతారు. 2005లో మేయో క్లినిక్ నుంచి వచ్చింది. మాట బదులు కంటిపాపల స్పందన, ఊపిరి తీరు చూస్తుంది. మీ దగ్గర ఉంటే నేర్చుకో.

హైదరాబాద్‌లో దీనికి తోడు ఇంకో సంగతుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాతబస్తీ నుంచి వచ్చిన పెద్దమ్మకు తెలుగులో "కళ్లు తెరువమ్మా, నాలుక చూపించు" అంటే ఆమె చేయదు. చార్టులో 'చెప్పింది చేయడం లేదు' అని పడుతుంది. అదే కొడుకు వచ్చి "అమ్మీ, ఆంఖే ఖోలో" అనగానే రెప్ప కదులుతుంది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన లంబాడీ తాతకు, బేగంబజార్ మార్వాడీ షావుకారుకు, బిహార్ నుంచి మేస్త్రీ పనికి వచ్చిన కుర్రాడికి కూడా అంతే. మన సిస్టర్లలో కేరళ వాళ్లు ఉంటారు, వాళ్ల తెలుగు యాస స్పృహలో ఉన్నవాళ్లకే ఒక్కోసారి అందదు. అడ్మిషన్ రోజే ఇంటివాళ్లను ఐదు ప్రశ్నలు అడుగు: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ పేరుతో పిలుస్తారు, చెవులు బాగా వినపడతాయా, కళ్లకు ఏదైనా ఆపరేషన్ అయిందా, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా. జవాబులు బెడ్ దగ్గరే రాసి పెట్టు. కనిపించే పేరు వెంకటేశ్వర్లు అయినా ఆయన జీవితమంతా పలికింది 'వెంకన్నా' అన్న పిలుపుకే కావచ్చు.

చెప్పింది చేస్తున్నాడా అని చూడటానికి "నా చెయ్యి పట్టుకో" అని అంతటితో ఆగకు. అరచేతిలో ఏది పెట్టినా వేళ్లు వాటంతటవే ముడుచుకునే పేషెంట్లుంటారు. పట్టుకోమన్నాక వదలమను. వదిలితే లెక్క. లేదా రెండు వేళ్లు చూపించమను, నాలుక బయట పెట్టమను.

డాక్టర్‌ను ఎప్పుడు పిలవాలి అన్నదానికి బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ సూచనల్లో తలదెబ్బ కేసుల కోసం ఒక కొలత ఉంది, అది వాడుకోదగ్గదే. స్కోరు ఒక్క పాయింటు తగ్గి అరగంట అలాగే ఉంటే పిలవాలి, కదలికలో తగ్గిందైతే మరీ. కళ్లలోగానీ మాటలోగానీ మూడు, కదలికలో రెండు పాయింట్లు పడితే అరగంట ఆగే పని లేదు. కొత్త సిస్టర్లు ఇక్కడే జంకుతారు. అర్ధరాత్రి ఒక్క పాయింటుకే లేపితే డ్యూటీ డాక్టర్ కసురుకుంటారేమోనని టెన్షన్. కసురుకున్నా ఫర్వాలేదు, పిలువు. ఫోన్‌లో 'కొంచెం డల్‌గా ఉన్నాడు సార్' అనకు. "పదకొండింటికి కదలిక 5, ఇప్పుడు 4, కుడి కంటిపాప పెద్దదైంది" అని చెప్పు. అలా చెబితే ఎంత నిద్రమత్తులో ఉన్నా లేచి వస్తారు.

కంటిపాపలకు పెన్ టార్చ్ వాడు. గదిలో లైటు తగ్గించి, రెండూ సమానంగా ఉన్నాయా అని ముందు చూసి, తర్వాత లైటును పక్క నుంచి కంటి మీదికి తీసుకురా. సైజు మిల్లీమీటర్లలో రాయి. ఒకటి పెద్దదై లైటుకు కదలకపోతే మెదడు ఉబ్బి ఆ వైపు నరాన్ని నొక్కుతోందని అర్థం, నిమిషాల మీద పని జరగాలి. రెండూ సూదిమొనంత చిన్నవైతే మార్ఫిన్ లాంటి మందులు, మెదడు కాండంలో రక్తస్రావం, పురుగుల మందు గుర్తుకు రావాలి. మన రాష్ట్రంలో పురుగుల మందు తాగిన కేసులు ఎప్పుడూ ఉంటాయి. వాళ్లకు అట్రోపిన్ నడుస్తుంటే పాపలు పెద్దవవుతాయి, దాన్ని చూసి కంగారుపడకు. ఆ పేషెంటు బట్టలు విప్పి, ఒళ్లంతా సబ్బు నీళ్లతో కడగాలి, నువ్వు గ్లవ్స్, గౌను లేకుండా ముట్టుకోకూడదు. కంటి శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు పాప గుండ్రంగా ఉండకపోవచ్చు. అందుకే ఆ ప్రశ్న ఇంటివాళ్లను ముందే అడగమన్నాను. తాగుడు సంగతి కూడా నెమ్మదిగా అడిగి తెలుసుకో. కల్తీ కల్లుకు అలవాటుపడిన మనిషికి అది ఆగిన ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు.

బీపీ పెరుగుతూ, పల్స్ తగ్గుతూ, ఊపిరి లయ తప్పుతుంటే మూడూ కలిపి చూడు. బీపీ 190 ఉందని బీపీ మందు కోసం పరిగెత్తకు. తల లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మెదడుకు రక్తం అందించడానికి ఒళ్లే బీపీని పెంచుతుంది. ముందు కంటిపాపలు, స్కోరు చూసి డాక్టర్‌ను పిలువు.

సక్షన్ గురించి. గంటకోసారి అని గడియారం చూసి చేయకు, కఫం ఉన్నప్పుడు చేయి. గరగర చప్పుడు, ఆక్సిజన్ తగ్గడం, వెంటిలేటర్‌లో ప్రెషర్ అలారం, గ్రాఫ్ రంపపు పళ్లలా మారడం చూసి తెలుసుకోవాలి. ముందు వంద శాతం ఆక్సిజన్ ఇవ్వు. క్యాథెటర్ మందం ట్యూబ్ లోపలి వెడల్పులో సగం మించకూడదు. లోపలికి దించేటప్పుడు సక్షన్ పెట్టకు, బయటికి తీస్తున్నప్పుడే పెట్టు, పదిహేను సెకన్లలో ముగించు. సక్షన్ చేసిన ప్రతిసారీ తలలో ఒత్తిడి కాసేపు పెరుగుతుంది, వరసగా నాలుగైదు సార్లు దించకూడదనేది అందుకే. ఊపిరి ట్యూబ్ చుట్టూ గాలి నింపే కఫ్‌లో ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి. వేలితో బెలూన్ నొక్కి 'బానే ఉంది' అనడం కొలత కాదు, మీటర్ అడిగి పెట్టించుకో.

తల వైపు 30 డిగ్రీలు ఎత్తాలని అందరికీ తెలుసు. రౌండ్స్‌లో నాకు కనిపించేది వేరు. బెడ్ 30 డిగ్రీలే ఉంటుంది, పేషెంటు మాత్రం కిందికి జారిపోయి, నడుము దగ్గర వంగాల్సింది ఛాతీ దగ్గర వంగి, గడ్డం గొంతుకు ఆని ఉంటుంది. అలా ఉంటే ఊపిరి సరిగా ఆడదు, మెడలోని రక్తనాళాలు నొక్కుకుని తలలోంచి రక్తం కిందికి దిగదు, వెన్ను చివర చర్మం పరుపుకు రాసుకుని చిట్లుతుంది. పిరుదులు బెడ్ మడత దగ్గరికి వచ్చేలా ఇద్దరు కలిసి డ్రా షీట్ (నడుము కింద అడ్డంగా వేసే దుప్పటి) పట్టి పైకి లాగండి. చంకల కింద చేతులు వేసి ఈడ్వకండి. తల నిటారుగా ఉండాలి, పక్కకు వాలకూడదు.

మౌత్ కేర్‌లో ఈమధ్య ఒక మార్పు వచ్చింది. క్లోర్‌హెక్సిడిన్ తప్పనిసరి అని మేమంతా నేర్చుకున్నాం. వెంటిలేటర్ న్యుమోనియాపై 2022లో అమెరికన్ నిపుణుల సంఘాలు ఇచ్చిన సూచనల్లో బ్రష్‌తో పళ్లు తోమడాన్ని ముందుకు తెచ్చి, క్లోర్‌హెక్సిడిన్ వాడొద్దన్నారు. మీ హాస్పిటల్ ప్రోటోకాల్ ఏదైతే అదే పాటించు, కానీ ద్రావణం చిమ్మేసి మౌత్ కేర్ అయిందనుకోకు. చిన్న పిల్లల బ్రష్‌తో, పక్కన సక్షన్ పెట్టుకుని, పళ్లు, నాలుక, చిగుళ్లు నిజంగా తోమాలి. కట్టుడు పళ్లుంటే మొదటి రోజే తీసి, డబ్బాలో పెట్టి, పేరు రాసి ఇంటివాళ్లకు ఇవ్వు.

కళ్లు చాలా చోట్ల నిర్లక్ష్యానికి గురవుతాయి. రెప్ప పూర్తిగా మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. ప్రాణం దక్కి ఇంటికి వెళ్లి చూపు పోగొట్టుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించు. ప్రతి షిఫ్టులో రెప్పల మధ్య సందు ఉందా చూడు, తడి దూదితో లోపలి మూల నుంచి బయటికి తుడువు, డాక్టర్ రాసిచ్చిన ఆయింట్‌మెంట్ వేళకు వేయి, రెప్పను మెల్లగా మూసి టేపు అంటించు. గాజ్ (కట్టు కట్టే పలుచటి గుడ్డ) కంటి మీద నేరుగా పెట్టకు. లోపల రెప్ప తెరుచుకుంటే అదే గుడ్డ గుడ్డును గీకుతుంది. ఎర్రబడినా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపించినా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించమని అడుగు.

రెండు గంటలకోసారి తిప్పమంటారు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందదు. మనమైతే నిద్రలోనే కదులుతాం, ఆయన కదలడు. పూర్తిగా 90 డిగ్రీలు తిప్పితే తుంటి ఎముక మీద బరువంతా పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వంచితే చాలు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోంది. రంగు మారకపోతే బెడ్‌సోర్ మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించదు కాబట్టి చేత్తో తాకి చూడు, పక్క చర్మం కంటే వేడిగా, గట్టిగా, లేదా మెత్తగా ఉందేమో. అక్కడ పౌడరు వేసి రుద్దకు, లోపల నలిగిన కండ ఇంకా చితుకుతుంది. గ్లవ్‌లో నీళ్లు నింపి మడమ కింద పెట్టే అలవాటు చాలా వార్డుల్లో ఉంది, దానివల్ల ఒత్తిడి పోదు. పిక్క కింద దిండు పెట్టు, మడమ గాల్లో తేలాలి. తల వెనక, చెవులు, ట్యూబ్ కట్టిన టేపు కింద పెదవి మూల, ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్ ఆనే ముక్కుపుటం కూడా చూడు. ఎయిర్ బెడ్ వేశాం కదా తిప్పక్కర్లేదు అనేవాళ్ల మాట వినకు.

రైల్స్ ట్యూబ్ కొత్తగా వేస్తే ఎక్స్‌రే చూశాకే ఫీడ్ మొదలుపెట్టాలి. సిరంజితో గాలి కొట్టి పొట్ట మీద స్టెత్ పెట్టి వినే పద్ధతిని నమ్మకు. ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినిపిస్తుంది, స్పృహ లేని మనిషి దగ్గి మనకు చెప్పడు. తర్వాత రోజుల్లో ముక్కు దగ్గర గుర్తు జరిగిందా చూడు, పీహెచ్ పేపర్ ఉంటే లాగిన నీరు 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. తలదెబ్బ తగిలి ముక్కులోంచి నీళ్లలా కారుతున్నా, కళ్ల చుట్టూ నల్లగా కమిలినా ముక్కులోంచి ట్యూబ్ వేయకు. పుర్రె అడుగు విరిగి ఉండొచ్చు, నోటి నుంచి వేసే నిర్ణయం డాక్టర్‌ది. ఫిట్స్ మందు ఫెనిటాయిన్‌ను ట్యూబ్‌లో ఇస్తుంటే ఫీడ్‌కు దానికి మధ్య ఎడం ఎంతుండాలో అడిగి రాసుకో, ఫీడ్‌తో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు, ఫిట్స్ మళ్లీ వస్తాయి. ఫిట్స్ అంటే ఒళ్లంతా కొట్టుకోవడమే కాదు. ఒక రెప్ప అదే పనిగా అదరడం, కళ్లు ఒక పక్కకే లాగేయడం, పెదవి మూల వణకడం కూడా ఫిట్సే కావచ్చు.

యూరిన్ బ్యాగ్ పొత్తికడుపు కంటే కింద ఉండాలి, నేలకు తగలకూడదు. గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు, అంటే అరవై కిలోల మనిషికి 30 మి.లీ. కంటే తగ్గితే చెప్పు. న్యూరోలో పని చేస్తున్నావు కాబట్టి ఎక్కువైనా చెప్పు. వరసగా రెండు గంటలు 250, 300 దాటి మంచినీళ్లలా వస్తుంటే సోడియం పెరిగిపోతోందేమో చూడాలి. విరేచనం మూడు రోజులు కాకపోతే అడుగు. కొంచెం కొంచెం నీళ్లలా పోతుంటే విరేచనాలనుకోకు, లోపల గట్టిగా అడ్డుపడి పక్క నుంచి కారుతుండొచ్చు. కీళ్లన్నీ రోజూ కదిలించు, పాదం కిందికి వాలిపోకుండా ఆధారం పెట్టు. పిక్క వాచి వేడిగా ఉంటే మాత్రం రుద్దకుండా డాక్టర్‌కు చూపించు, గడ్డకట్టిన రక్తం కావచ్చు.

మాట్లాడాలా అని అడిగావు. మాట్లాడాలి. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం యాక్సిడెంట్ తర్వాత ఏ స్పందనా లేని ఒక యువతికి స్కానర్‌లో "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అని చెబితే ఆరోగ్యవంతుల్లో వెలిగే మెదడు భాగమే ఆమెలోనూ వెలిగింది. 2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో బయటికి ఏ ఆదేశానికీ స్పందించని 241 మందిని పరీక్షిస్తే 60 మందిలో, అంటే నలుగురిలో ఒకరిలో, చెప్పింది అర్థమై మెదడు స్పందించింది. నీ పేషెంటు ఆ నాలుగో మనిషో కాదో నీకు తెలిసే దారి లేదు. కాబట్టి పేరు పెట్టి పిలువు, నువ్వెవరో చెప్పు, టైమెంతో చెప్పు, "నాన్నా, ఇప్పుడు గొంతులో కఫం తీస్తున్నాను, కాసేపు ఇబ్బందిగా ఉంటుంది" అని చెప్పాకే ట్యూబ్ ముట్టుకో. స్పాంజింగ్ చేసేటప్పుడు కర్టెన్ లాగు. ఆయన బెడ్ మీదుగా 'ఇతను లేవడు' లాంటి మాటలు నువ్వు అనకు, ఇంకొకరు అంటుంటే పక్కకు తీసుకెళ్లి మాట్లాడమను.

అటెండర్ల దగ్గర రెండు పనులున్నాయి. ఒకటి, ఆపడం. తడారిన పెదాలు చూసి తట్టుకోలేక చెంచాతో నీళ్లు పోస్తారు, కొబ్బరినీళ్లు పోస్తారు. అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిలుకూరు నుంచి తీర్థం తెస్తారు, నాంపల్లి దర్గా నుంచి పువ్వులు తెస్తారు, జమ్‌జమ్ నీళ్లు తెస్తారు. విసుక్కోకు. "నోట్లో వద్దమ్మా, ఊపిరికి అడ్డం పడుతుంది, నుదుటికి అద్దండి" అని చెప్పి, పక్కనే ఉండి అద్దించు. విభూది కంట్లో పడకుండా చూడు. తాయెత్తు సెంట్రల్ లైన్‌కు (మందులెక్కించడానికి పెద్ద సిరలో వేసిన గొట్టం) తగలకుండా రెండో చేతికి కట్టమను. అలా చెబితే ఎవరూ కాదనరు, దొంగచాటుగా పోయడం కూడా మానేస్తారు.

రెండోది, వాళ్లను పనిలో కలుపుకోవడం. ఊరి నుంచి వచ్చి కారిడార్‌లో చాప వేసుకుని రోజుల తరబడి కూర్చునే మనుషులకు లోపలికి పిలిచే ఆ పది నిమిషాలే దిక్కు. గాజు తలుపు దగ్గర నిలబెట్టి పంపెయ్యకు. చేతులు కడిగించి, ఎక్కడ పట్టుకోవచ్చో చూపించి, మాట్లాడమను. కళ్లు తెరిచాడు కాబట్టి గుర్తుపట్టాడా అని అడుగుతారు. కళ్లు తెరవడం వేరు, గుర్తుపట్టడం వేరు, డాక్టర్ గారు పరీక్షించి చెబుతారు అని నిజమే చెప్పు. ఎప్పుడు లేస్తాడంటే నువ్వు తేదీ చెప్పకు, ఆశ కోసం కూడా చెప్పకు. ఇవాళ ఏం చేశామో చెప్పు: జ్వరం తగ్గింది, ఫీడ్ తీసుకున్నాడు, చర్మం బాగుంది. అది నీకు తెలిసిన నిజం, వాళ్లకు కావలసింది కూడా.

బ్రెయిన్ డెత్ సంగతి వస్తే ఆ మాట నీ నోటి నుంచి ముందుగా రాకూడదు. 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించాకే ప్రకటిస్తారు. అవయవదానం గురించి రాష్ట్ర ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ కోఆర్డినేటర్లు ఉన్నారు, వాళ్లే మాట్లాడతారు. ప్రకటించాక కూడా ఆ మనిషికి ఐ కేర్, మౌత్ కేర్, దుప్పటి, కర్టెన్ అన్నీ మామూలుగానే జరగాలి.

షిఫ్టు మారేటప్పుడు పేషెంటును అప్పగించే హ్యాండోవర్‌ను నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని కాగితం చదివి తీసుకోకు. వెళ్లే సిస్టరూ నువ్వూ కలిసి బెడ్ దగ్గరికి వెళ్లి జీసీఎస్ ఇద్దరూ ఒకేసారి చూడండి, కంటిపాపలు ఒకే టార్చ్‌తో చూడండి, పక్కకు తిప్పి వీపు చూడండి. సీనియర్లతో తేడా వస్తోందన్నావు కదా, ఆ తేడా అక్కడే తేలిపోతుంది. షిఫ్టు మొదట్లో ఇద్దరూ ఒప్పుకున్న స్కోరు ఉంటేనే తర్వాత మారిందని గట్టిగా చెప్పగలవు.

కొందరు ట్రాకియాస్టమీతో (ఊపిరి కోసం గొంతు దగ్గర చేసిన రంధ్రంలో ట్యూబ్), రైల్స్ ట్యూబ్‌తో ఇంటికి వెళ్తారు. డిశ్చార్జ్ రోజు కాగితం చేతికిచ్చి చెబితే ఏమీ ఎక్కదు. నాలుగైదు రోజుల ముందు నుంచే ఇంట్లో చూసుకునే మనిషి ఎవరో కనుక్కో. చాలాసార్లు డబ్బు విషయాలు మాట్లాడే కొడుకు ఒకరు, రాత్రీ పగలూ పక్కనుండే భార్యో కోడలో మరొకరు. నేర్పాల్సింది ఆ రెండో మనిషికి. ఫీడ్ ఆమె చేత పోయించు, రాగిజావ గుడ్డలో వడకట్టకపోతే ట్యూబ్ ఎలా మూసుకుపోతుందో చూపించు, ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు పోయించు, పోశాక గంటసేపు తల ఎత్తి ఉంచమను. సక్షన్ ఆమె చేత్తో నీ ఎదుటే చేయించు. ట్యూబ్ ఊడి వస్తే ఇంట్లో మళ్లీ దూర్చొద్దని, జ్వరం, గరగర, ఫిట్స్, మామూలు కంటే ఎక్కువ మత్తు, ఇందులో ఏది కనిపించినా పొద్దున్నదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయమని చెప్పి, చెప్పినవన్నీ ఆమె చేత తిరిగి చెప్పించుకో.